రక్తమంతా తమ్ముడిదే అయ్యాక జబ్బు ఎలా తిరిగొచ్చింది? మూలకణ మార్పిడిలో ఎపిజెనెటిక్స్ లెక్క

రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణాలను దాత నుంచి తీసి రోగికి ఎక్కించే మార్పిడి అయిన కొన్ని వారాలకు వచ్చే రిపోర్టులో ఒక్క ముక్క కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు: "దాత కణాలు 100 శాతం". కాకినాడలోనో అమలాపురంలోనో తెలిసిన డాక్టరుకు ఆ కాగితం చూపిస్తే "రక్తం పూర్తిగా మీ తమ్ముడిదే అయిపోయింది" అంటారు. దాతది వేరే గ్రూపైతే బ్లడ్ గ్రూపు కూడా మారిపోతుంది. మరి కొందరిలో ఏడాది తిరక్కుండానే ల్యుకేమియా, అంటే రక్తక్యాన్సరు, మళ్లీ ఎక్కడినుంచి వస్తోంది? 55 ఏళ్ల తండ్రికి 25 ఏళ్ల కొడుకు కణాలు ఎక్కిస్తే ఆ రక్తం వయసు ఎంత అనుకోవాలి? దాత ఆరోగ్యంగానే ఉన్నా, ఆయన కణాల్లో మచ్చ ఏమైనా దాగి ఉంటుందా?

ఈ ప్రశ్నలకు జన్యువుల దగ్గర దొరికేది సగం జవాబే. మిగతా సగం ఆ జన్యువుల మీద ఉండే రసాయన గుర్తుల్లో ఉంది. వాటిని చదివే శాస్త్రం ఎపిజెనెటిక్స్. "జన్యువులను రీసెట్ చేస్తాం" అంటూ పొడులు, మాత్రలు అమ్మేవాళ్లు కూడా ఈ మాట వాడుకుంటున్నారు కాబట్టి, మార్పిడికి సిద్ధమవుతున్న కుటుంబాలకు అసలు సంగతి తెలియడం చాలా అవసరం.

నది ఒకటే, తూములు వేరు

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ చాపితే సుమారు 2 మీటర్ల పొడవుండే డీఎన్ఏ ఉంటుంది. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు అందులో దాదాపు 20,000. కాలేయ కణంలోనూ తెల్లరక్త కణంలోనూ ఉండేది ఒకే డీఎన్ఏ. అయినా ఒకటి పైత్యరసం చేస్తుంది, రెండోది సూక్ష్మజీవిని మింగుతుంది. ఎందుకంటే ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూసి ఉండాలి అన్నది వేరుగా నిర్ణయమవుతుంది.

ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పారేది ఒకే గోదావరి నీరు. కానీ ఈ వేళ ఏ చేను తడుస్తుందన్నది ఏ తూము తలుపు ఎత్తి ఉందో దాన్ని బట్టే తేలుతుంది. కణంలో ఆ తలుపుల పని చేసేవాటిలో మిథైల్ గుర్తు ముఖ్యమైనది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు కలిసిన చిన్న ముక్క అది. డీఎన్ఏలో 'సి' అనే అక్షరం తర్వాత 'జి' వచ్చే చోట్ల అతుక్కుంటుంది. మనిషి డీఎన్ఏలో అలాంటి చోట్లు దాదాపు 2.8 కోట్లు. మామూలు కణంలో వాటిలో 70-80 శాతం మిథైల్ తగిలించుకునే ఉంటాయి. జన్యువు మొదలయ్యే చోట ఈ గుర్తులు గుమిగూడితే ఆ జన్యువు సాధారణంగా మూతపడుతుంది.

రెండో ఏర్పాటు చుట్టడం. డీఎన్ఏ ఖాళీగా వేలాడదు. హిస్టోన్లు అనే ప్రోటీన్ ఉండల చుట్టూ, ఒక్కో ఉండకు 147 అక్షరాల జతల చొప్పున, కొబ్బరి తాడు చుట్టలా చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగిస్తే లోపలి అక్షరాలు చదవడం కుదరదు. హిస్టోన్లకు అసిటైల్ అనే ముక్క తగిలితే చుట్ట వదులవుతుంది.

తలుపు దించే లస్కర్లు, ఎత్తే లస్కర్లు కణంలోనూ ఉన్నారు. డీఎన్ఎంటీ3ఏ అనే ఎంజైము కొత్తగా మిథైల్ గుర్తు పెడుతుంది. టెట్2 దాన్ని తీసే పని మొదలుపెడుతుంది. డీఎన్ఎంటీ1 పని ఇంకోరకం: కణం రెండుగా చీలినప్పుడు పాత పోగు మీద ఎక్కడెక్కడ గుర్తుందో చూసి కొత్త పోగు మీద అక్కడే పెడుతుంది. అందుకే ఒక మూలకణం ఏళ్ల తరబడి విభజన చెందుతున్నా, తానెవరో మరచిపోదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. అక్షరమే మారిపోతే అది మ్యుటేషన్. కణం దాన్ని వెనక్కి తిప్పుకోలేదు. అక్షరం అలాగే ఉండి గుర్తు మాత్రం మారితే, కనీసం సూత్రప్రాయంగా, దాన్ని వెనక్కి తిప్పవచ్చు. మార్పిడి తర్వాత వచ్చే చిక్కుల్లో సగం, ఎదురైంది ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడం దగ్గరే ఉన్నాయి.

దమ్ము, ఊడ్పులు, మూన

రక్త మూలకణ మార్పిడి క్రమం వరి ఊడ్పులు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ముందు చేను దమ్ము చేసినట్టు, కీమోథెరపీతో, కొన్నిసార్లు రేడియేషన్ కూడా కలిపి, రోగి ఎముకల్లోని మజ్జను ఖాళీ చేస్తారు. దీన్ని కండిషనింగ్ అంటారు. ఆకుమడిలోంచి నారు తీసినట్టు దాత నుంచి మూలకణాలు తీస్తారు. దాతకు జీ-సీఎస్ఎఫ్ అనే ఇంజెక్షను కిలో బరువుకు రోజుకు సాధారణంగా 10 మైక్రోగ్రాముల చొప్పున 4-5 రోజులు ఇస్తే మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. అప్పుడు యంత్రం గుండా రక్తాన్ని తిప్పి వాటిని వేరుచేస్తారు. ఒక్కో విడతకు కొన్ని గంటలు పడుతుంది.

ఎన్ని కణాలు కావాలి? లెక్క రోగి బరువు మీద కడతారు, దాత బరువు మీద కాదు. సీడీ34 అనే గుర్తున్న కణాలు కిలోకు కనీసం 20 లక్షలు ఉండాలి, 50 లక్షలుంటే నిశ్చింత. రోగి 60 కిలోలైతే 60 × 50 లక్షలు, అంటే 30 కోట్ల కణాలు. వాటిని రక్తం ఎక్కించినట్టే, పెద్ద సిరలోకి వేసిన గొట్టం (సెంట్రల్ లైను) ద్వారా ఎక్కిస్తారు. ఆపరేషనేమీ ఉండదు. కణాలు వాటంతట అవే మజ్జకు దారి వెతుక్కుంటాయి. రెండు మూడు వారాల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 దాటి వరుసగా మూడు రోజులు నిలిస్తే, నారు వేరూని చేను మూన తిరిగినట్టే. వైద్య భాషలో దీన్ని ఎన్‌గ్రాఫ్ట్‌మెంట్ అంటారు.

ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. దమ్ములో కలుపంతా చావదు; కండిషనింగ్‌లో ల్యుకేమియా కణాలూ అన్నీ చావవు. మిగిలినవాటిని ఏరేది దాత నుంచి వచ్చిన టీ-కణాలు అనే తెల్లకణాలు. అవి రోగి కణాలను పరాయివిగా గుర్తించి చంపుతాయి. ల్యుకేమియా మార్పిడిలో అసలు మందు అదే. అవే టీ-కణాలు చర్మం, పేగు, కాలేయం మీద పడితే మాత్రం జీవీహెచ్‌డీ అనే చిక్కు వస్తుంది. ఏది తనది, ఏది పరాయిది అని టీ-కణాలు తేల్చుకునేది కణాల ఒంటిమీద ఉండే హెచ్ఎల్ఏ అనే జెండాలు చూసి. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికి పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. తల్లిదండ్రులు, పిల్లలు మామూలుగా సగం సరిపోతారు. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో మేనత్త, మేనమామ పిల్లల్లోనూ పూర్తి జోడీ దొరికే వీలుంటుంది కాబట్టి అక్కడ కూడా వెతకడం వృథా కాదు.

కణాలతో పాటు వచ్చే వయసు

డీఎన్ఏలో కొన్ని చోట్ల మిథైల్ గుర్తులు వయసుతో పాటు ఒక క్రమంలో పెరుగుతాయి, కొన్నిచోట్ల తగ్గుతాయి. అలాంటి 353 చోట్లను కొలిచి మనిషి వయసును అంచనా వేసే పద్ధతిని స్టీవ్ హోర్వాత్ 2013లో ప్రకటించారు. దాన్ని ఎపిజెనెటిక్ గడియారం అంటున్నారు.

మార్పిడి చేయించుకున్నవారి రక్తాన్ని ఈ గడియారంతో కొలిచిన పరిశోధకులకు తేలింది ఇది: ఆ రక్తం దాత వయసునే చూపిస్తుంది. ఉదాహరణకు 52 ఏళ్ల మనిషికి 28 ఏళ్ల తమ్ముడి కణాలు ఎక్కించారనుకుందాం. పదేళ్ల తర్వాత ఆయనకు 62 ఏళ్లు, తమ్ముడికి 38. రక్తంలో గడియారం చూపేది 38కి దగ్గరగా ఉంటుంది. ఆయన చర్మం తీసి కొలిస్తే 62కి దగ్గరగా ఉంటుంది. 52 ఏళ్ల మజ్జలో కాపురం పెట్టినంత మాత్రాన కణాలు ముసలివి కాలేదు. తమ లెక్కను తామే వెంట తెచ్చుకున్నాయి. మార్పిడి తర్వాతి తొలి నెలల్లో గడియారం కొంత ముందుకు జరిగినట్టు చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. కొద్ది కణాలే మొత్తం రక్తాన్ని పుట్టించాల్సి రావడం దానికి కారణం కావచ్చు.

పుక్కిట దూదితో తీసిన నమూనాను 'రోగి సొంత డీఎన్ఏ' అనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. మార్పిడి తర్వాత ఆ నమూనాలో దాత తెల్లకణాలు బాగా కలిసి ఉంటాయి. సొంత డీఎన్ఏ కచ్చితంగా కావాలంటే చర్మం ముక్కలాంటిది కావాలి, లేదా మార్పిడికి ముందే దాచిన నమూనా ఉండాలి.

దీన్ని బట్టి 'కుర్ర రక్తం ఎక్కితే మనిషి వయసు తగ్గుతుంది' అనుకోవద్దు. గుండె, మూత్రపిండాలు, కీళ్ల వయసు అలాగే ఉంటుంది. పైగా కండిషనింగ్ మందులు వాటిని అలుపెక్కిస్తాయి. దాత ఎంపికలో మాత్రం వయసుకు నిజమైన బరువు ఉంది. కుటుంబం బయటి దాతల్లో వయసు తక్కువవారి కణాలతో ఫలితాలు మెరుగని పెద్ద రిజిస్ట్రీ లెక్కలు చెబుతున్నాయి. 65 ఏళ్ల సొంత అన్న పూర్తిగా సరిపోయాడు, 25 ఏళ్ల బయటి వ్యక్తీ సరిపోయాడు అంటే ఎవరిని తీసుకోవాలన్నది ఇప్పటికీ వాదనలో ఉన్న ప్రశ్న. సొంత అన్న అయితే జీవీహెచ్‌డీ భయం తక్కువ, ఆలస్యం ఉండదు, ఖర్చు కలిసొస్తుంది అని ఒక పక్షం. కుర్రవాడి కణాలతో జబ్బు తిరగబెట్టడం తక్కువ కావచ్చని రెండో పక్షం. ఎపిజెనెటిక్ గడియారం ఈ తగవు తీర్చలేదు. దాత ఎంపికకు అది మామూలు పరీక్ష కాదు.

దాత ఆరోగ్యవంతుడే, లస్కరే చెడ్డాడు

వయసు మీద పడేకొద్దీ మజ్జలో ఏదో ఒక మూలకణానికి మ్యుటేషన్ వచ్చి, దాని సంతానం మిగతావాటి కంటే కొంచెం ఎక్కువగా పెరగడం మామూలే. రక్త పరీక్షలో అన్నీ సక్రమంగానే ఉంటాయి, మనిషికి ఏ బాధా ఉండదు. దీన్ని క్లోనల్ హీమటోపోయిసిస్ అంటారు. 70 ఏళ్లు దాటినవారిలో 10 శాతానికి పైగా ఇది కనిపిస్తుంది. ఎక్కువగా చెడేది డీఎన్ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 జన్యువులు. మొదటి రెండూ పైన చెప్పిన లస్కర్లే. మూడోది హిస్టోన్ చుట్టల పనివాడు. అంటే ఇక్కడ అక్షరం చెడింది, కానీ చెడింది గుర్తులు దిద్దేవాడి అక్షరం.

62 ఏళ్ల దాత రిపోర్టులో 'డీఎన్ఎంటీ3ఏ, 4 శాతం' అని ఉందనుకుందాం. ఆ 4 శాతం కణాల లెక్క కాదు, జన్యు ప్రతుల లెక్క. ప్రతి కణంలో ఆ జన్యువుకు రెండు ప్రతులుంటాయి, సాధారణంగా ఒక్కటే చెడుతుంది. కాబట్టి 100 కణాల్లో 200 ప్రతులు, వాటిలో 8 చెడ్డవి. అంటే 8 కణాలు, 8 శాతం.

ఈ కణాలు రోగికి ఎక్కితే ఏమవుతుంది? దాత కణాల్లోంచి కొత్త ల్యుకేమియా పుట్టడం ఉంది గానీ అది అరుదు. దాతలో ఇలాంటి మ్యుటేషన్ ఉన్నప్పుడు దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ పెరిగిందనీ, అదే సమయంలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందనీ చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి. ముఖ్యంగా డీఎన్ఎంటీ3ఏ విషయంలో మొత్తం మీద కీడు కంటే మేలే కనిపించిందని ఒక పెద్ద పరిశీలన చెప్పింది. బహుశా ఆ మార్పున్న టీ-కణాలు కొంచెం దూకుడుగా ఉండటమే కారణం. అందుకే పెద్దవయసు దాతలందరికీ ఈ పరీక్ష చేయాలా అన్న దగ్గర నిపుణులు చీలిపోయారు. చేయాలనేవారు, తెల్లకణాలు పెరగడం నెమ్మదించిన రోగుల్లో కారణం తెలుస్తుందంటారు. వద్దనేవారు అడిగే ప్రశ్న కూడా బరువైనదే: తమ్ముడి కోసం వచ్చిన అన్నకు, తన మజ్జలో చికిత్స లేని, బహుశా ఎప్పటికీ హాని చేయని మార్పు ఉందని చెప్పి ఏం చేయమంటారు?

ఏది నెగ్గినా ఒక ఉపయోగం తప్పక ఉంది. మార్పిడి తర్వాత రోగి రిపోర్టులో హఠాత్తుగా డీఎన్ఎంటీ3ఏ కనిపిస్తే జబ్బు తిరిగొచ్చిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అది రోగి పాత మ్యుటేషన్‌తో అక్షరం అక్షరం కలుస్తుందా, లేక దాత నుంచి వచ్చిందా అని ముందు చూడాలి. దాత నమూనా దాచి ఉంటే అది తేలిపోతుంది.

పోయిన జెండా, మడిచిన జెండా

ఇప్పుడు మొదటి ప్రశ్న. 'దాత కణాలు 100 శాతం' అని తేల్చే పరీక్షలో ఎక్కువగా వాడేది ఎస్టీఆర్ పద్ధతి, అంటే మనిషికీ మనిషికీ తేడాగా ఉండే డీఎన్ఏ ముక్కలను పోల్చడం. అది 1 నుంచి 5 శాతం కంటే తక్కువగా ఉన్న రోగి కణాలను చూడలేదు. లక్ష కణాల్లో 500 రోగివి మిగిలినా రిపోర్టు 100 అనే రావచ్చు. కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపి చూసే ఫ్లో సైటోమెట్రీతో చేసే ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత మిగిలిన జబ్బు ఆనవాలు) పరీక్ష 10,000లో ఒకటిని పట్టగలదు. కాబట్టి ఆ 100 'అసలేమీ లేవు' అని కాదు, 'ఈ కంటికి కనబడలేదు' అని.

అలా మిగిలిన కణాలను దాత టీ-కణాలు ఏరాలి. జబ్బు తిరగబెట్టిందంటే, చాలా సందర్భాల్లో ఆ కణాలు టీ-కణాల కన్నుగప్పడం నేర్చుకున్నాయన్నమాట. అందుకు రెండు దారులున్నాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది, జెండాను పోగొట్టుకోవడం. తండ్రి, కొడుకు జోడీలాంటి సగం సరిపోయిన మార్పిడిలో రోగి కణం మీద దాతకు తెలియని హెచ్ఎల్ఏ జెండాల సెట్టు ఒకటి ఉంటుంది. టీ-కణాలు గురిపెట్టేది దాన్నే. ల్యుకేమియా కణం 6వ క్రోమోజోములో ఆ భాగాన్ని వదిలేసి, దాని స్థానంలో దాతతో కలిసే రెండో భాగానికి నకలు పెట్టుకుంటుంది. ఇటాలియన్ పరిశోధకులు 2009లో దీన్ని చూపించారు. సగం సరిపోయిన మార్పిడుల్లో తిరగబెట్టినవాటిలో మూడో వంతు దాకా ఇదే కారణం కావచ్చు. ఇది అక్షరం పోవడం. ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు.

రెండోది, జెండాను మడిచి దాచుకోవడం. డీఎన్ఏ చెక్కుచెదరదు. కానీ రెండో తరగతి హెచ్ఎల్ఏ జన్యువుల తూములు మూతపడతాయి, కణం ఒంటిమీద జెండా కనబడదు. 2018లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, మార్పిడి తర్వాత తిరగబెట్టిన 34 మంది ల్యుకేమియా రోగుల్లో 17 మందిలో ఈ జెండాలు తగ్గి ఉన్నాయి. ఆ కణాలను ప్రయోగశాలలో ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్‌తో తడిపితే జెండాలు మళ్లీ పైకి లేచాయి. హిస్టోన్ల మీద మూసివేత గుర్తు పెట్టే ఈజెడ్‌హెచ్2 అనే ఎంజైము ముఠా ఇందులో ఉందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఈ తేడాతో చికిత్స దారే మారిపోతుంది. జబ్బు తిరగబెడితే అదే దాత నుంచి ఇంకొన్ని టీ-కణాలు తెచ్చి ఎక్కించడం మామూలు పద్ధతి, దీన్ని డీఎల్ఐ అంటారు. జెండా పోయిన రోగికి సగం సరిపోయిన దాత డీఎల్ఐ ఇస్తే గురి లేని బాణమే. లాభం పెద్దగా ఉండదు, జీవీహెచ్‌డీ మాత్రం వచ్చే ప్రమాదం ఉంది. రెండో మార్పిడికి వెళ్లేట్లయితే వేరే హెచ్ఎల్ఏ ఉన్న దాతను, తండ్రి తరఫు బదులు తల్లి తరఫును, చూస్తారు. జెండా మడిచిన రోగిలో అయితే తూము తెరిచే మందుతో పాటు డీఎల్ఐ పనిచేసే ఆశ ఉంటుంది. తేల్చుకోవడానికి కావలసింది తిరగబెట్టినప్పటి మజ్జ నమూనా: ల్యుకేమియా కణాలు ఎక్కువగా ఉన్న దానిపై హెచ్ఎల్ఏ టైపింగ్ మళ్లీ చేసి పాతదానితో పోల్చాలి, ఫ్లో సైటోమెట్రీలో రెండో తరగతి జెండా అయిన హెచ్ఎల్ఏ-డీఆర్ ఎంతుందో చూడాలి. వేలిమీద తీసిన రక్తంతో ఈ పని జరగదు.

అజాసైటిడిన్: తూము తెరిచే మందు ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఈ మందు పుట్టింది 1960ల్లో, చెకోస్లోవేకియాలో. మామూలు కీమోగానే మొదలైంది. అది మిథైల్ గుర్తులను చెరిపేస్తోందని 1980లో తెలిసింది. అమెరికాలో 2004లో, మజ్జ రక్తకణాలను సరిగా తయారుచేయలేని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌కు అనుమతి వచ్చింది. దాని చుట్టం డెసిటబిన్‌కు 2006లో వచ్చింది.

ఇది నేరుగా వెళ్లి గుర్తు పీకదు. 'సి' అక్షరంలా వేషం వేసుకుని, కణం విభజన చెందేటప్పుడు కొత్త డీఎన్ఏలో దూరుతుంది. గుర్తు పెట్టడానికి వచ్చిన డీఎన్ఎంటీ1 దానికి అతుక్కుపోయి నాశనమవుతుంది. లస్కరు లేడు కాబట్టి తర్వాతి తరం కణంలో తలుపు దించేవాడు ఉండడు. దీన్ని బట్టి రెండు విషయాలు తేలతాయి. కణం విభజన చెందితేనే మందు పనిచేస్తుంది, కాబట్టి రోజుల తరబడి ఇవ్వాలి. ఫలితం తెలియడానికి ఒక కోర్సు చాలదు, 4 నుంచి 6 కోర్సులు పట్టవచ్చు. మొదటి రెండు కోర్సుల్లో రక్తకణాలు ఇంకా పడిపోతాయి. 'మందు పడలేదు' అని ఇంటివాళ్లు ఆపేసేది సరిగ్గా అప్పుడే. ఆపిన కొన్నాళ్లకు గుర్తులు మళ్లీ వచ్చేస్తాయి కూడా.

మోతాదు ఒళ్లు వైశాల్యం మీద: చదరపు మీటరుకు 75 మి.గ్రా., 28 రోజులకోసారి 7 రోజులు. రోగి వైశాల్యం 1.6 చదరపు మీటర్లైతే రోజుకు 120 మి.గ్రా. ఒక వైలు 100 మి.గ్రా. కాబట్టి రోజుకు రెండు వైల్స్ తెరవాలి, కోర్సుకు 14. ప్రతి వైలులో 4 మి.లీ. నీరు కలిపితే మి.లీ.కు 25 మి.గ్రా. వస్తుంది, 120 మి.గ్రా. అంటే 4.8 మి.లీ. 4 మి.లీ. దాటితే ఒకే చోట పొడవరు, 2.4 చొప్పున రెండు సిరంజిలుగా రెండు చోట్ల చర్మం కింద ఇస్తారు.

మార్పిడి హైదరాబాద్‌లోనో వెల్లూరులోనో అయినా, ఈ ఇంజెక్షన్లు భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో వేయించుకోవడం డెల్టా కుటుంబాలకు పెద్ద ఊరట. చిక్కు కూడా అక్కడే. కలిపాక మందు గది వేడిలో గంటకు మించి నిలవదు. మామూలు నీటితో కలిపి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే 8 గంటలు. పొద్దున ఒక ఊళ్లో కలిపించి, బస్సులో తెచ్చుకుని సాయంత్రం ఇంకో ఊళ్లో వేయిస్తే, సీసాలో ఉన్నది బలం తగ్గిన మందే. ఆదివారం ఆస్పత్రి ఉండదనే ఇబ్బందికి 5 రోజులు ఇచ్చి, 2 రోజులు ఆపి, మళ్లీ 2 రోజులు ఇచ్చే పద్ధతి ఉంది. ఒకటి రెండు రోజులు ఎగ్గొట్టడం దానికి సాటి కాదు.

ఈ మందు జెండాలను నిజంగా తెరుస్తుందా? డీఎన్ఏలో నిద్రపోతున్న పాత వైరస్ ముక్కలను ఇది లేపుతుందనీ, కణం వైరస్ సోకిందనుకుని ఇంటర్‌ఫెరాన్ స్పందన మొదలుపెడుతుందనీ 2015లో ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. అదే సమయంలో జీవీహెచ్‌డీని అదుపుచేసే రెగ్యులేటరీ టీ-కణాలను కూడా ఇది పెంచుతుంది. జబ్బును అణచాలి, జీవీహెచ్‌డీ పెరగకూడదు అనే చోట ఈ రెండు గుణాలూ కలిసిరావడమే మార్పిడి వైద్యులకు ఆశ పుట్టించింది.

ముందుగానే ఇవ్వాలా, ఆనవాలు కనిపించాక ఇవ్వాలా

జర్మనీలో జరిగిన రెలాజా2 అధ్యయనం ఆనవాలు కనిపించాక ఇచ్చింది. ఎంఆర్‌డీ బయటపడి, జబ్బు ఇంకా పూర్తిగా తిరగబెట్టని 53 మందికి అజాసైటిడిన్ ఇస్తే, ఆరు నెలల తర్వాత 58 శాతం మంది తిరగబెట్టకుండా బతికి ఉన్నారు. వారిలో మార్పిడి చేయించుకోని వారూ ఉన్నారు, పోల్చడానికి మందు ఇవ్వని జట్టు లేదు.

అందరికీ ముందుగానే ఇస్తే? అమెరికాలో 187 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు చదరపు మీటరుకు 32 మి.గ్రా. చొప్పున 5 రోజుల కోర్సులు 12 దాకా ఇవ్వాలని చూశారు. 2020లో ఫలితం వచ్చింది: చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే చాలామంది 12 కోర్సులు పూర్తి చేయలేకపోయారు. సగటు మనిషి నాలుగింటితో ఆగిపోయాడు. పనికిరానిది మందా, మోతాదా, మధ్యలో ఆపడమా అని ఆ లెక్కతో తేలదు. అదే ఏడాది చైనా నుంచి వచ్చిన అధ్యయనంలో, ఎంఆర్‌డీ లేని, ప్రమాదం ఎక్కువున్న రోగులకు తక్కువ మోతాదు డెసిటబిన్, జీ-సీఎస్ఎఫ్ కలిపి ఇస్తే రెండేళ్లలో తిరగబెట్టినవారు 15 శాతం; ఇవ్వని జట్టులో 38.3 శాతం. మందు వేరు, రోగులు వేరు, పక్కన ఇచ్చినది వేరు. ప్రస్తుతానికి ఆనవాలు కనిపించాక ఇవ్వడానికే ఎక్కువమంది వైద్యులు మొగ్గుతున్నారు. అందుకు తగ్గట్టు ఎంఆర్‌డీ పరీక్ష గడువు తప్పకుండా జరగాలి.

హిస్టోన్ చుట్టలను వదులుచేసే వొరినోస్టాట్ అనే మందును జీవీహెచ్‌డీ రాకుండా వాడి చూసిన చిన్న అధ్యయనంలో మధ్యస్థం నుంచి తీవ్రమైన జీవీహెచ్‌డీ 22 శాతానికే పరిమితమైంది, కానీ పోలిక జట్టు లేదు. బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలను నికోటినమైడ్‌తో బయట పెంచి ఎక్కించే చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. న్యూట్రోఫిల్స్ 22 రోజులకు బదులు 12 రోజుల్లో లేచాయి. నికోటినమైడ్ అంటే బీ3 విటమినే. అయితే అక్కడ కణాలను పాత్రలో పెట్టి పెంచారు. మందుల షాపులో బీ3 మాత్ర కొని మింగితే మజ్జలో అదే జరుగుతుందనుకోవడానికి ఆధారం లేదు.

పుట్టాక మూతపడే తూము

డెల్టాలో తలసీమియా పిల్లలున్న ఇళ్లకు, ఎగువన రంపచోడవరం, చింతూరు మన్యంలో సికిల్ సెల్ ఉన్న ఇళ్లకు ఎపిజెనెటిక్స్ ఇంకో రూపంలో తగులుతుంది. కడుపులోని బిడ్డ రక్తంలో ఉండేది ఫీటల్ హీమోగ్లోబిన్. పుట్టిన తర్వాతి నెలల్లో దాని జన్యువు మూతపడి పెద్దవారి బీటా జన్యువు తెరుచుకుంటుంది. చెడ్డ అక్షరం ఉన్నది బీటాలో కాబట్టి, పుట్టిన కొన్ని నెలల దాకా బాగున్న బిడ్డ ఆ తర్వాతే పాలిపోతాడు. పాత తూము మూసే ప్రధాన లస్కరు పేరు బీసీఎల్11ఏ. మిథైల్, హిస్టోన్ ఎంజైములు దాని చేతి కింద పనిచేస్తాయి. రోగి సొంత మూలకణాలు తీసి, బీసీఎల్11ఏను ఎర్రకణాల్లో నడిపే స్విచ్చు అక్షరాలను కత్తిరించి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. దాత అక్కరలేదు, జీవీహెచ్‌డీ ఉండదు. కండిషనింగ్ కీమో మాత్రం తప్పదు, ఖర్చు మామూలు మార్పిడికి ఎన్నో రెట్లు. అక్క కణాలు సరిపోయే బిడ్డకు ఇప్పటికీ మామూలు మార్పిడే దగ్గరి దారి.

మార్పిడితో నయమైన తలసీమియా అమ్మాయికి పెళ్లీడు వచ్చినప్పుడు మాత్రం ఒక పొరపాటు జరిగే ప్రమాదముంది. చెడ్డ ప్రతి ఒక్కటే ఉండి జబ్బు లేని మనిషిని క్యారియర్ అంటారు; అది తేల్చడానికి పెళ్లికి ముందు చేసే హెచ్‌బీ ఏ2 పరీక్ష రక్తం మీద జరుగుతుంది. ఆ రక్తం అక్కది. అక్క క్యారియర్ కాకపోతే 'నార్మల్' అని వస్తుంది, క్యారియర్ అయితే 'ట్రెయిట్' అని వస్తుంది. రెండూ ఆ అమ్మాయి గురించి కావు. ఎక్కించిన కణాలు అండాశయంలోని అండాలను తాకవు. ఆమె రెండు బీటా ప్రతులూ చెడ్డవే, బిడ్డకు వాటిలో ఒకటి తప్పకుండా వెళ్తుంది. పెళ్లికొడుకు క్యారియర్ కాకపోతే పిల్లలందరూ క్యారియర్లు, జబ్బు ఎవరికీ రాదు. పెళ్లికొడుకు మేనమామ కొడుకై, కుటుంబంలో తిరుగుతున్న అదే మార్పు అతనిలోనూ ఉంటే, ప్రతి కాన్పులో తలసీమియా బిడ్డ పుట్టే అవకాశం 50 శాతం. కాబట్టి చూడాల్సినవి రెండు కాగితాలు: మార్పిడికి ముందు తీసిన ఆమె పాత డీఎన్ఏ రిపోర్టు, పెళ్లికొడుకు హెచ్‌బీ ఏ2 రిపోర్టు.